వ్యాక్సిన్ సైడ్ ఎఫెక్ట్స్: చెబితే భయమా, దాస్తే ప్రమాదమా?

వీడియో చూసే టైమ్ లేనివాళ్ళ కోసం, డేటా మిగుల్చుకునేవాళ్ళ కోసం ఎప్పట్లాగే ఎపిసోడ్ మొత్తం ఇక్కడ టెక్స్ట్‌గా పెడుతున్నాను.

ఈరోజు ప్రశ్న సింపుల్‌. ఒక వ్యాక్సిన్ వల్ల లక్షల్లో ఒకరికి సీరియస్ సమస్య వస్తుందని తెలిసింది అనుకుందాం. ఆ విషయం జనానికి చెప్పాలా, వద్దా?

"చెబితే జనం భయపడి టీకాలే మానేస్తారు, ఎందుకొచ్చిన గొడవ" అనేవాళ్ళు ఒక వైపు. "చూశారా, దాచేశారు! మొత్తం మోసమే" అనేవాళ్ళు ఇంకో వైపు. నా జవాబు ముందే చెప్పేస్తాను: చెప్పాలి. అది మన హక్కు కాబట్టి మాత్రమే కాదు, చెప్పడం వల్ల నిజంగా ప్రాణాలు నిలబడతాయి కాబట్టి. ఎలాగో చూద్దాం.

ముందే ఒక మాట. నేను డాక్టర్‌ని కాదు. బీటెక్ చేసి, కొన్నేళ్ళు కోడ్ రాసి, ఇప్పుడు వీడియోలు చేస్తున్నవాణ్ణి. వైద్య సలహా ఇవ్వను. పబ్లిక్‌గా రికార్డులో ఉన్న విషయాలను ఒక వరసలో పెడతాను, అంతే.

2024లో అందరూ ఎందుకు కంగారు పడ్డారు?

2024 ఏప్రిల్ చివర్లో ఒక వార్త వైరల్ అయింది. తమ కోవిడ్ వ్యాక్సిన్ చాలా అరుదుగా టీటీఎస్ అనే సమస్యకు దారి తీయొచ్చని ఆస్ట్రాజెనెకా కంపెనీ బ్రిటన్ కోర్టుకిచ్చిన పత్రాల్లో ఒప్పుకుంది. అదే ఫార్ములాతో పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారు చేసిందే మన కోవిషీల్డ్. మన దేశంలో వేసిన కోవిడ్ డోసుల్లో ఎక్కువ భాగం అదే.

ఇక ఆ వారం ఫ్యామిలీ గ్రూపులన్నీ అవే ఫార్వర్డ్‌లు. మా మేనత్త ఫోన్ చేసి, "ఒరేయ్ నాన్నా, నేను రెండు డోసులూ అదే వేయించుకున్నాను కదరా, ఇప్పుడు నా గుండెకేమైనా అవుతుందా?" అని అడిగింది. అప్పటికి ఆవిడ రెండో డోసు తీసుకుని రెండున్నరేళ్ళు దాటింది.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఏంటంటే, అది కొత్త విషయమే కాదు. యూరప్ మందుల నియంత్రణ సంస్థ ఈఎంఏ 2021 ఏప్రిల్ 7నే దీన్ని చాలా అరుదైన సైడ్ ఎఫెక్ట్‌గా ప్రకటించింది. మన కేంద్ర ఆరోగ్య శాఖ కూడా 2021 మే 17న ప్రకటన ఇచ్చింది. మరి మూడేళ్ళ తర్వాత అది మనకు బ్రేకింగ్ న్యూస్ ఎందుకు అయింది? ప్రకటన ఇవ్వడం వేరు, విషయం జనానికి చేరడం వేరు. అసలు కథ ఇక్కడే ఉంది.

అసలు టీటీఎస్ అంటే ఏంటి?

టీటీఎస్‌లో రెండు విషయాలు ఒకేసారి జరుగుతాయి. ఒకటి, రక్తం గడ్డకట్టడం. మామూలుగా కాళ్ళలో వచ్చే గడ్డలే కాదు, మెదడు నుంచి రక్తాన్ని తీసుకెళ్ళే సిరల్లో, కడుపులోని సిరల్లో కూడా. రెండు, ప్లేట్‌లెట్లు పడిపోవడం. వింతగా లేదూ? ప్లేట్‌లెట్లు రక్తాన్ని గడ్డకట్టించేవి. అవి తగ్గితే రక్తస్రావం అవ్వాలి. ఇక్కడ ఒకపక్క అవి తగ్గుతున్నాయి, ఇంకోపక్క గడ్డలు కడుతున్నాయి.

కారణం ఏంటంటే, కొద్దిమందిలో టీకా తర్వాత శరీరం పొరపాటున తన సొంత ప్రోటీన్ మీదే యాంటీబాడీలు తయారు చేస్తుంది. ఆ ప్రోటీన్ పేరు పీఎఫ్4. ఆ యాంటీబాడీలు ప్లేట్‌లెట్లను రెచ్చగొడతాయి. అవి గుంపులుగా అతుక్కుని గడ్డలవుతాయి. అలా ఖర్చైపోతాయి కాబట్టి కౌంట్ పడిపోతుంది.

ఇది ఎంత అరుదు? యూరప్‌లో మొదట వేసిన అంచనా సుమారు లక్షకు ఒకరు. బ్రిటన్‌లో 50 ఏళ్ళలోపు వాళ్ళలో మొదటి డోసు తర్వాత సుమారు 50 వేలకు ఒకరు. రెండో డోసు తర్వాత ఇంకా బాగా తక్కువ. దాదాపు అన్ని కేసులూ టీకా వేసుకున్న నాలుగు రోజుల నుంచి ఆరు వారాల లోపే బయటపడ్డాయి. కాబట్టి మా అత్తకు నేను చెప్పిన జవాబు: "అత్తా, ఆ కిటికీ ఎప్పుడో మూసుకుపోయింది. నువ్వు నిశ్చింతగా పడుకో."

ట్రయల్స్‌లో ఎందుకు దొరకలేదు?

"ముందే టెస్ట్ చేయలేదా?" అని అడుగుతారు. చేశారు. కానీ లెక్క చూడండి. ఒక పెద్ద ట్రయల్ అంటే ముప్పై వేల మంది. అందులో ఒక్కరికి కూడా ఫలానా సమస్య రాలేదంటే ఆ సమస్య లేనట్టు కాదు. 10 వేల మందిలో ఒకరికి వచ్చే సమస్య కూడా అందులో కనపడకుండా పోయే ఛాన్స్ కొంచెం ఉంటుంది. ఇక లక్షకు ఒకరికి వచ్చేదైతే కనపడకపోవడమే మామూలు.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. టెస్టింగ్‌లో అన్నీ పాస్ అవుతాయి. యాప్ కోటి ఫోన్లలోకి వెళ్ళాక, ఏదో ఒక మోడల్‌లో, ఏదో ఒక సెట్టింగ్‌లో క్రాష్ అవుతుంది. అందుకే రిలీజ్ తర్వాత కూడా క్రాష్ రిపోర్టులు చూస్తూ కూర్చుంటాం. క్రాష్ రిపోర్ట్ వచ్చిందంటే టీమ్ మోసం చేసిందని కాదు. వచ్చిన రిపోర్టును డిలీట్ చేస్తే మాత్రం అది మోసమే.

చెప్పడం ప్రాణాలు ఎలా కాపాడింది?

ఈ ఎపిసోడ్‌లో ఒక్క పాయింట్ గుర్తుపెట్టుకోవాలంటే ఇదే గుర్తుపెట్టుకోండి.

2021 మార్చిలో నార్వేలో అయిదుగురు హెల్త్‌కేర్ వర్కర్లు ఇలాంటి లక్షణాలతో ఒకే ఆస్పత్రికి వచ్చారు. ముగ్గురు చనిపోయారు. అప్పటికి ఆ దేశంలో ఈ టీకా వేసుకున్నది సుమారు లక్షా ముప్పై వేల మంది. జర్మనీ, ఆస్ట్రియాలలో ఇంకో 11 మంది మీద స్టడీ జరిగింది. వాళ్ళలో ఆరుగురు చనిపోయారు. రెండూ కలిపితే 16 మందిలో 9 మంది. అంటే సగానికి పైనే.

మార్చి 11న డెన్మార్క్ ఈ టీకాను ఆపేసింది. జర్మనీలోని గ్రైఫ్స్‌వాల్డ్ యూనివర్సిటీ పరిశోధకులు ఈ పీఎఫ్4 సంగతి కనిపెట్టి, పేపర్ అచ్చయ్యేదాకా ఆగకుండా మార్చిలోనే డాక్టర్లకు సమాచారం ఇచ్చేశారు.

అంత తొందర ఎందుకు? ఒక పేషెంట్ రక్తం గడ్డకట్టి ఆస్పత్రికి వస్తే డాక్టర్ మొదట చేసే పని సాధారణంగా హెపారిన్ ఇవ్వడం. గడ్డలకు వాడే మామూలు మందే. కానీ టీటీఎస్‌లో జరిగేది, కొందరికి హెపారిన్ పడక వచ్చే ఒక రియాక్షన్‌కి దాదాపు కవల సోదరి లాంటిది. అందుకే ఇక్కడ హెపారిన్ మానేసి వేరే మందులు, వాటితో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇవ్వమన్నారు. అలాగే ప్లేట్‌లెట్లు తగ్గాయి కదా అని ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే మంటలో పెట్రోల్ పోసినట్టు కావొచ్చు. అదీ వద్దన్నారు.

ఇప్పుడు మన ఊళ్ళో ఊహించుకోండి. జ్వరం, తలనొప్పి, ప్లేట్‌లెట్ కౌంట్ 30 వేలు. మనకు వెంటనే ఏం గుర్తొస్తుంది? డెంగీ! ఇంట్లోవాళ్ళు ప్లేట్‌లెట్ డోనర్ కోసం వాట్సాప్ స్టేటస్‌లు పెడతారు, బొప్పాయి ఆకు రసం కూడా తెస్తారు. "పది రోజుల క్రితం టీకా వేసుకున్నాను" అని పేషెంట్ చెప్పాలని పేషెంట్‌కి తెలియాలి. అడగాలని డాక్టర్‌కి తెలియాలి. ఇద్దరిలో ఎవరికి తెలియకపోయినా మంచి మనసుతో చేసిన వైద్యమే చేటు చేసే ప్రమాదం ఉంది.

తర్వాత బ్రిటన్‌లో 220 కేసులను పరిశీలిస్తే మరణాలు 22 శాతం. తేలికపాటి కేసులు కూడా లెక్కలోకి రావడం ఇందుకు ఒక కారణం. త్వరగా గుర్తుపట్టి సరైన మందు ఇవ్వడం ఇంకో కారణం. ఈ రెండూ విషయం బయటికి చెప్పారు కాబట్టే సాధ్యమయ్యాయి. కాబట్టి అరుదైన సైడ్ ఎఫెక్ట్ గురించి చెప్పడాన్ని పబ్లిసిటీ సమస్యలా చూడకూడదు. ఆ సమాచారం వైద్యంలో ఒక భాగం.

మరి మనం ఏం చేశాం?

2021 మే 17 ప్రకటన గురించి చెప్పాను కదా. టీకా తర్వాత వచ్చే ఇబ్బందులను పరిశీలించే జాతీయ కమిటీ అప్పటికి 498 సీరియస్ కేసులను లోతుగా చూసి, అందులో 26 కేసుల్లో కోవిషీల్డ్ తర్వాత గడ్డలు కట్టి ఉండొచ్చని తేల్చింది. పది లక్షల డోసులకు 0.61 అని లెక్క కట్టారు. అదే ప్రకటనలో బ్రిటన్‌కి 4, జర్మనీకి 10 అని పోలిక ఇచ్చారు. దక్షిణాసియా వాళ్ళలో గడ్డలు కట్టే రిస్క్ మామూలుగానే యూరప్ వాళ్ళకంటే బాగా తక్కువని కూడా చెప్పారు. టీకా తర్వాత 20 రోజుల లోపు ఊపిరి ఆడకపోవడం, ఛాతీ నొప్పి, తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, తగ్గని కడుపునొప్పి, చర్మం మీద సూదిమొన లాంటి ఎర్రచుక్కలు ఉంటే వెంటనే చెప్పమన్నారు.

మంచి ప్రకటన. నిజంగా. కానీ 2021 మే అంటే ఏంటో గుర్తుందా? సెకండ్ వేవ్. అందరం ఆక్సిజన్ సిలిండర్ల కోసం, బెడ్ల కోసం ఫోన్లు చేస్తున్న రోజులు. అది ఎంతమంది చదివి ఉంటారు? నేను టీకా వేయించుకున్న సెంటర్‌లో "జ్వరం వస్తే పారాసిటమాల్ వేసుకోండి, నెక్స్ట్" అన్నారు. అంతే. ఆ లక్షణాల లిస్ట్ ఒక కాగితం మీద తెలుగులో రాసి గోడకు అంటించినా సరిపోయేది.

అప్పుడు చెవిలో పడనిదాన్ని 2024లో కోర్టు వార్తగా విన్నాం. కోర్టులో "ఒప్పుకున్నారు" అనగానే ఎవరికైనా ఏమనిపిస్తుంది? ఇన్నాళ్ళూ దాచారనే. దాయకపోయినా దాచినట్టే అయింది.

ఖమ్మం నేర్పిన పాఠం

ఈ ప్రశ్నకు మన దగ్గరే ఇంకా పాత కథ ఉంది. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, గుజరాత్‌లోని వడోదరలో పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, ఐసీఎంఆర్ కలిసి హెచ్‌పీవీ టీకా ప్రాజెక్ట్ మొదలుపెట్టాయి. ఇది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ని ఆపే టీకా. ఖమ్మంలో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు, దాదాపు 14 వేల మంది. వాళ్ళలో చాలామంది గిరిజన హాస్టళ్ళలో చదువుకునే పిల్లలు.

రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు అమ్మాయిలు చనిపోయారన్న వార్తలు వచ్చాయి. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్ట్ ఆపేశారు. విచారణ కమిటీ చూస్తే నీళ్ళలో మునగడం, పాముకాటు, పురుగుమందు, మలేరియా లాంటి కారణాలు బయటపడ్డాయి. టీకాకు సంబంధం ఉన్నట్టు కనపడలేదన్నారు.

అయితే సమస్య తీరిపోయిందా? లేదు. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం రిపోర్ట్ ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 అనుమతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి. అంటే కన్నవాళ్ళకు చెప్పకుండానే పిల్లలకు సూది వేశారు. సీరియస్ ఇబ్బంది వస్తే గుర్తుపట్టి పట్టించుకునే ఏర్పాట్లు కూడా సరిగా లేవని ఆ సంఘం తప్పుపట్టింది.

ఇప్పుడు ఆలోచించండి. బిడ్డ చనిపోయిన తల్లికి "టీకా వల్ల కాదమ్మా" అని చెబితే నమ్ముతుందా? టీకా ఎందుకో, ఏంటో ముందు చెప్పనివాడు తర్వాత చెప్పే మాటను ఎవరు నమ్ముతారు? టీకా తప్పు చేయలేదు, వేసిన పద్ధతి తప్పు. కానీ శిక్ష పడింది టీకాకే. ఆ వివాదం తర్వాత హెచ్‌పీవీ టీకా మన దేశంలో ఏళ్ళ తరబడి వెనకపడిపోయింది. ఆ క్యాన్సర్ మన దేశంలో ఏటా సుమారు 1.2 లక్షల మంది ఆడవాళ్ళకు వస్తోంది, 75 వేల మందికి పైగా చనిపోతున్నారు. చెప్పకపోవడం ఖరీదు అది.

చెప్పడానికి కూడా ఖరీదు ఉంది

నిజాయితీగా ఇంకో వైపు కూడా చూడాలి. 1998లో అమెరికాలో రోటాషీల్డ్ అనే టీకాకి అనుమతి ఇచ్చారు. పసిపిల్లల్లో నీళ్ళ విరేచనాలు తెచ్చే రోటావైరస్‌కి అది. 1999 జూలై నాటికి 15 మంది పిల్లల్లో పేగు ఒకదాంట్లోకి ఒకటి దూరిపోయే సమస్య రిపోర్ట్ అయింది. వెంటనే ఆపారు. అక్టోబర్‌లో టీకాను వెనక్కి తీసుకున్నారు. రిస్క్ సుమారు 10 వేలకు ఒకటి.

అమెరికాకి ఆ నిర్ణయం సరైనదే, అక్కడ సెలైన్ పెట్టే ఆస్పత్రి ప్రతి వీధిలో ఉంటుంది. పేద దేశాల్లో మాత్రం అప్పట్లో ఆ వైరస్ ఏటా లక్షల పిల్లలను చంపేది. వాళ్ళకు చాలా ఏళ్ళు టీకా లేకుండా పోయింది. కాబట్టి ఓపెన్‌గా ఉండటం ఫ్రీగా రాదు.

కానీ తర్వాత ఏం జరిగిందో చూడండి. తర్వాతి రెండు రోటా టీకాలను ఒక్కోదాన్ని 60 వేల మందికి పైగా పిల్లల మీద పరీక్షించారు, ప్రత్యేకంగా ఆ పేగు సమస్య కోసమే వెతుకుతూ. 2015లో మన హైదరాబాద్ భారత్ బయోటెక్ నుంచి రోటావ్యాక్ వచ్చింది. 2016లో ప్రభుత్వ టీకాల లిస్టులో దాన్ని మొదట చేర్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ పేగు సమస్య గురించిన హెచ్చరిక ఇప్పటికీ రోటా టీకాలతో పాటే ఉంటుంది. పాత బగ్ బయటపెట్టబట్టే కొత్త వెర్షన్ మీద నమ్మకం కుదిరింది.

"టీకా వేసుకున్నాడు, పోయాడు" అనే వార్తని ఎలా చదవాలి?

ఒక చిన్న లెక్క. 2021 సెప్టెంబర్ 17న ఒక్కరోజులో మన దేశంలో రెండున్నర కోట్ల డోసులు వేశారు. అంటే జనాభాలో దాదాపు 1.8 శాతం. మన దేశంలో టీకా ఉన్నా లేకపోయినా రోజూ 20 వేల మందికి పైగా చనిపోతారు. అందులో 1.8 శాతం అంటే 350 మంది దాకా. మంచాన పడ్డవాళ్ళు టీకా సెంటర్‌కి రారు కాబట్టి అసలు సంఖ్య కొంత తక్కువ ఉండొచ్చు. అయినా మర్నాడు వందల ఇళ్ళల్లో "నిన్ననే టీకా వేసుకున్నాడు" అనే మాట వినపడుతుంది, టీకాకి ఏ సంబంధం లేకపోయినా.

మరి నిజమైన కేసుని ఎలా పట్టుకుంటారు? మామూలుగా ఎన్ని రావాలో, ఇప్పుడు ఎన్ని వచ్చాయో పోలుస్తారు. ఒకే టైమ్‌లో, ఒకే రకంగా వస్తున్నాయా చూస్తారు. టెస్ట్‌తో నిర్ధారిస్తారు. టీటీఎస్ ఈ మూడూ పాస్ అయింది, అందుకే ఒప్పుకున్నారు. అలాగే టీకా వేసిన కాసేపటికే వచ్చే తీవ్రమైన అలర్జీ వల్ల 68 ఏళ్ళ వ్యక్తి చనిపోయారని 2021 జూన్‌లో మన ప్రభుత్వ కమిటీ నిర్ధారించింది. మనల్ని అరగంట అక్కడే కూర్చోమనేది అందుకే. ఊరికే కాదు.

అన్నింటినీ కొట్టిపారేయడం తప్పే, అన్నింటినీ నమ్మేయడం కూడా తప్పే. రిపోర్టులు బయట పెడితేనే ఈ రెంటికీ తేడా మనకు తెలుస్తుంది.

మనం ఏం అడగాలి?

ఒకటి, డేటా. 2022 మే 2న సుప్రీంకోర్టు, జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు ఉన్న ధర్మాసనం, టీకా వేసుకోమని ఎవరినీ బలవంతం చేయకూడదని చెబుతూనే, ఇబ్బందులను మామూలు జనం, ప్రైవేట్ డాక్టర్లు కూడా ఆన్‌లైన్‌లో రిపోర్ట్ చేసే ఏర్పాటు చేయాలని, వాళ్ళ వివరాలు బయటపడకుండా ఆ రిపోర్టులను జనానికి అందుబాటులో పెట్టాలని ఆదేశించింది. అదే ధర్మాసనం అప్పటి టీకా విధానాన్ని తప్పుపట్టలేదు. చూశారా, రెండూ ఒకే తీర్పులో ఇమిడాయి.

రెండు, ఆదుకోవడం. లక్షల మంది మేలు కోసం వేసే టీకాలో ఒక ఇంటికి నష్టం జరిగితే ఆ భారం ఆ ఇల్లు ఒక్కటే మోయాలా? బ్రిటన్‌లో 1979 నుంచి ఇందుకు ఒక స్కీమ్ ఉంది, 1.2 లక్షల పౌండ్లు ఇస్తారు. అమెరికా 1986లో చట్టం చేసింది. మన దగ్గర 2022 నవంబర్‌లో కేంద్రం సుప్రీంకోర్టులో చెప్పింది ఏంటంటే, టీకా స్వచ్ఛందం, నష్టపోయినవాళ్ళు సివిల్ కోర్టుకి వెళ్ళొచ్చు అని. కూతురిని పోగొట్టుకున్న తల్లిదండ్రులు లాయర్‌ని పెట్టుకుని సైన్స్ నిరూపించాలా? ఇది నాకు న్యాయంగా అనిపించలేదు. "మీకేమైనా అయితే మేమున్నాం" అని చెప్పగలిగినప్పుడే "చాలా అరుదు" అనే మాటకు బరువు వస్తుంది.

మూడు, మన భాషలో చెప్పడం. పిల్లల టీకాల రోజున ఏఎన్‌ఎమ్ తల్లికి నాలుగు విషయాలు చెప్పాలని రూల్ ఉంది: ఏ టీకా వేశారు, ఏ జబ్బుకి, ఏ చిన్న ఇబ్బందులు రావొచ్చు, వస్తే ఏం చేయాలి, మళ్ళీ ఎప్పుడు రావాలి, కార్డు జాగ్రత్త. ఊళ్ళో ఏఎన్‌ఎమ్ అక్క చెప్పగలిగింది పెద్ద ఆస్పత్రులు ఎందుకు చెప్పలేవు?

మీరు చేయగలిగింది

టీకా వేసుకున్నాక అరగంట ఆగండి. టీకా పేరు, బ్యాచ్ నంబర్ ఫొటో తీసి పెట్టుకోండి. తర్వాత వారాల్లో ఏదైనా గట్టి ఇబ్బంది వస్తే డాక్టర్‌కి చెప్పే మొదటి మాటల్లో "ఫలానా రోజు టీకా వేసుకున్నాను" అనేది ఉండాలి. మందు వల్లగానీ టీకా వల్లగానీ ఇబ్బంది వచ్చిందని అనుమానం ఉంటే పీహెచ్‌సీలో చెప్పండి. లేదా ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడిపే టోల్‌ఫ్రీ నంబర్ 1800-180-3024కి కాల్ చేయండి. రిపోర్ట్ చేయడానికి రుజువు అక్కర్లేదు, అనుమానం చాలు. తేల్చడం వాళ్ళ పని.

ఇంకోటి. ఇంట్లో చెల్లికో, కూతురికో హెచ్‌పీవీ టీకా వేయించాలా అని మీరు ఆలోచిస్తుంటే, డాక్టర్‌ని మొహమాటం లేకుండా అడగండి: "మామూలుగా ఏం వస్తుంది? అరుదుగా ఏం వస్తుంది? ఏం కనపడితే పరిగెత్తుకు రావాలి?" ఓపిగ్గా జవాబు చెప్పే డాక్టర్ దొరికితే ధైర్యంగా ముందుకెళ్ళండి. ఖమ్మంలో ఆ అమ్మానాన్నలకు ఆ ప్రశ్న అడిగే అవకాశమే ఇవ్వలేదు. మీకుంది, వాడుకోండి.

ఈ ఎపిసోడ్ లింక్ మీ ఫ్యామిలీ గ్రూపులో పెట్టండి, ముఖ్యంగా 2024లో మీకు ఆ ఫార్వర్డ్ పంపినవాళ్ళకి. మళ్ళీ వచ్చే వారం కలుద్దాం. ఉంటాను.